పచ్చయమ్మ కండెలు ఆపిన వారం

గుడియాత్తం మగ్గాల వీధిలో మా ఇల్లూ పచ్చయమ్మ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. వాళ్ళింట్లో మిరపకాయ మాడితే మా ఇంట్లో తుమ్ములు. కాబట్టి ఇప్పుడు చెప్పేది కొంత కళ్ళతో చూసింది, కొంత గోడకు ఇవతల కూర్చుని విన్నది. కల్పించి చెప్పాల్సిన అవసరం ఆ ఇంటివాళ్ళు నాకు ఎప్పుడూ రానివ్వలేదు.

పచ్చయమ్మ పుట్టినూరు పొన్నై. అక్కడ రెండు మగ్గాలున్న ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకు మా వీధికి కోడలై వచ్చింది. వచ్చిన మర్నాడే అత్త పంకజం ఆ పిల్లను రాట్నం ముందు కూర్చోబెట్టింది. మామ బలరామయ్య గుంటమగ్గం మీద లుంగీలు నేస్తాడు. పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం మాలో ఆడవాళ్ళ పని. కండె ఆగితే నాడె ఆగుతుంది, నాడె ఆగితే మగ్గం ఆగుతుంది. మగవాళ్ళు మాత్రం మగ్గం తామే నడుపుతున్నామనుకుంటారు. అనుకోనీ, మనకేం.

మొగుడు ధనపాల్ కూడా పుట్టుకతో నేతగాడే. కానీ తొంభయ్యో సంవత్సరం దాటాక నేతమీద బతుకు గడవక, మా వీధి మగవాళ్ళు సగంమంది తాపీ పట్టుకుని బయటికి పోయారు. వేలూరులో అప్పుడు ఎక్కడ చూసినా కట్టడాలే. వైద్యం కోసం బెంగాల్ నుంచీ ఒరిస్సా నుంచీ వచ్చే జనానికి నాలుగంతస్తుల లాడ్జీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి. ధనపాల్ చురుకైనవాడు, నాలుగేళ్ళలో మేస్త్రీ అయ్యాడు. సోమవారం పొద్దున బస్సెక్కితే శనివారం సాయంత్రం దిగుతాడు. మధ్యలో అన్ని రోజులూ పని దగ్గరే రేకుల షెడ్డులో కాపురం, మగవాళ్ళ గుంపుతో.

నాకు అప్పుడే మనసులో గుచ్చుకుంది. అంతకుముందు మా మగవాళ్ళకు తప్పు చేయడానికి తీరిక ఉండేది కాదు. పొద్దస్తమానం కాళ్ళు మగ్గం గుంటలో, ఎదురుగా పెళ్ళాం రాట్నం. ఇప్పుడు ఊరు కాని ఊళ్ళో కూలి చేతిలో పడుతుంది. పక్కనే వీడియో కొట్టు, దాని పక్కన బ్రాందీ కొట్టు, దాని వెనక బస్టాండు సందు. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. అందరూ చెడిపోయారని అనడం లేదు. చెడిపోవడం సులువైందని అంటున్నాను.

తొంభై ఐదు దీపావళికి ధనపాల్ ఇంటికి వచ్చినప్పుడు నడక తేడాగా ఉంది. పచ్చయమ్మ అడిగింది. గోడకు ఇవతల నేను పప్పు ఏరుతున్నాను.

"ఏమయ్యా, యాడన్నా దెబ్బ తగిలిందా?"

"సిమెంటు పుండు మే. సిమెంటులో నిలబడితే ఇట్లనే వస్తాది. మేస్త్రీలందరికీ ఉండేదే."

"సిమెంటు పుండు కాళ్ళకు, చేతులకు గదా వచ్చేది?"

"నువ్వెప్పుడన్నా సిమెంటు కలిపినావా, చెప్పొచ్చినావు!"

అంతటితో ఆ మాట ముగిసింది. వేలూరులో నెలకోసారి లాడ్జిలో గది తీసుకుని, బస్టాండు గోడలకు కాగితాలు అంటించే డాక్టరొకడు ఉండేవాడు. రహస్యం కాపాడతాననీ, ఒక్క సూదితో పోగొడతాననీ ఆ కాగితాల్లో ఉండేది. ధనపాల్ వాడి దగ్గర ఏదో సూది వేయించుకున్నాడు. మూడు వారాలకు పుండు మానింది. వాడు గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు.

ఆ తర్వాత నెలలోనే వేలూరు నుంచి ఒక సంఘంవాళ్ళు మా వీధికి వచ్చారు. ఎయిడ్సు గురించీ, ఆడామగా మధ్య అంటుకునే తక్కిన జబ్బుల గురించీ చెప్పడానికి వీధికొక ఆడమనిషి కావాలన్నారు. మా ఇళ్ళలో మాట తెలుగైనా ఊళ్ళో బడి తమిళమే, ఆ తమిళం చదవగలిగి, నలుగురిలో నోరు విప్పగలిగేదాన్ని వెతికితే మా వీధిలో దొరికింది పచ్చయమ్మ ఒక్కతే. అయిదో తరగతి చదివింది మరి. నోటి సంగతి సరేసరి. మూడు రోజులు వేలూరులో కూర్చోబెట్టి అన్నీ నేర్పారు. తిరిగొచ్చిన సాయంత్రం రాట్నం ముందు కూర్చుందే గానీ చెయ్యి తిరగడం లేదు.

"ఏమే పచ్చా, బస్సులో పడలేదా?" అని అడిగాను.

"అక్కా, ఆ జబ్బుల్లో ఒకటి ఉండాదంట. పుండు లేస్తాదంట, నొప్పి ఉండదంట, దానంతట అదే మానిపోతాదంట. మానిపోయినాక జబ్బు లోపలే కూచుంటాదంట. పెండ్లానికీ వస్తాదంట, కడుపులో బిడ్డకీ వస్తాదంట." గొంతు దించింది. "ఆయన పుండు కూడా నొప్పి లేదనే చెప్పినాడు అక్కా."

అప్పటికి ఆమెకు పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు వచ్చినట్టే వచ్చి పోయింది. 

మొగుణ్ణి ఆసుపత్రికి రమ్మని ఆ శనివారమే అడిగింది. మానిపోయిన పుండుకు ఆసుపత్రి ఏందని వాడు ఎగిరాడు. అక్కడ ఆ జబ్బులకు పద్నాలుగో నంబరు గది అని ఒకటి ఉందనీ, దాని ముందు నిలబడిన మగవాడి పరువు సాయంత్రానికి బస్టాండులో ఉంటుందనీ అన్నాడు. ఎంత చెప్పినా వినకపోయేసరికి ఆమె చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. బయట తిరగొద్దంటే వినే మొహం కాదు. కాబట్టి సోమవారం సోమవారం పది నిరోధ్ పొట్లాలు వాడి కూటి సంచిలో పెడుతుంది. వాడు వాటిని వాడాలి.

"నీ కాలికి మొక్కుతాను, ఇదొక్కటి చెయ్యి" అంది.

"సరి సరి, పెట్టు" అన్నాడు వాడు.

ఆశ్చర్యం ఏమిటంటే శనివారం సంచి ఖాళీగా వచ్చింది. ఆ తర్వాత శనివారమూ ఖాళీయే. పదికి పదీ అంటే ఆ మనిషి ఎంత తిరుగుతున్నాడో అని నేను నోరు నొక్కుకుంటే, పచ్చయమ్మ ఒక పక్క ఏడుస్తూనే ఇంకో పక్క నిమ్మళపడింది. "తిరిగేది తిరగనీ అక్కా, జబ్బయితే తేడు" అంది. మొగుడితో ఎప్పటిలాగే కాపురం చేసింది. ఒకటి రెండు నెలలు కాదు, ఆరు నెలలు అట్లా ఖాళీ సంచిని నమ్మింది.

ఈలోగా వీధిలో ఆమె పేరు మోగిపోయింది. కాశి టీ అంగడి గోడకు సంఘంవాళ్ళు ఒక చెక్కపెట్టె తగిలించారు. అవసరమైనవాళ్ళు ఎవరినీ అడక్కుండా అందులోంచి తీసుకోవచ్చు. మొదటి వారం ఎవరూ దాని వైపు చూడలేదు. రెండో వారం సగం ఖాళీ. నెల తిరిగేసరికి సోమవారం నింపితే బుధవారానికి అడుగు కనిపించేది. కాశి టీ వడపోస్తూ, "ఏమ్మా పచ్చయమ్మా, మన వీధిలో ఇంత మంది మొగోళ్ళు ఉండారని నాకే తెలీదే!" అనేవాడు. ఆమె కొంగు సర్దుకుని, "నవ్వు నువ్వు. రేపో మాపో వేలూరు నుంచి సంఘం మేడమే వస్తా ఉండాది, మన వీధే మొదటిదంట" అనేది.

మే నెల మొదట్లో ఒక గురువారం మోహన మేడం నిజంగానే వచ్చింది. వాళ్ళ సంఘంలో పై ఉద్యోగం, పట్టుమని ముప్పై ఏళ్ళు లేవు, చేతిలో నోటుపుస్తకం. పొట్లాలు వాడేవాళ్ళను నలుగురిని చూసి మాట్లాడాలంది. ఆ వేళకు వీధిలో మగవాళ్ళెవరున్నారు, మగ్గం మీద ముసలివాళ్ళు తప్ప. మొదటి ఇల్లు చిన్నరాజుది. అరవై దాటాయి, పెళ్ళే చేసుకోలేదు. నేనూ వెంట వెళ్ళాను. అలాంటి చోటికి వెళ్ళకుండా ఉంటానా?

మేడం మెల్లగా మొదలుపెట్టింది. "తాతా, టీ అంగడి దగ్గర పెట్టె ఉంది కదా. మీరు అందులోంచి ఎప్పుడైనా తీసుకుంటారా?"

"ఎప్పుడన్నా ఏంది తల్లీ, దినామూ తీసుకుంటాను. అది లేకుంటే నాకు పొద్దు పోదు."

మేడం పెన్ను ఆగింది. "దినానికి ఎన్ని?"

"పొద్దున రెండు, మధ్యాన్నం రెండు. వానాకాలం అయితే ఇంకొకటి ఎక్కువ."

పచ్చయమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. నేను గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను. మేడం ఆ ముసలాయన్ని కిందా మీదా చూసి, "ఎట్లా వాడతారో చెప్తారా?" అని అడగలేక అడిగింది.

"చెప్పేదేముంది, చూపిస్తాను రా తల్లీ" అని చిన్నరాజు మగ్గం కింది నుంచి ఒక పొట్లం తీశాడు. పళ్ళతో చించాడు. లోపలి జిగట రబ్బరును రెండు వేళ్ళతో పట్టుకుని నాడె ఒళ్ళంతా రుద్దాడు, అడుగు వైపు ఇంకో రెండుసార్లు. రబ్బరును గుంటలోకి విసిరేసి తాడు లాగాడు. నాడె పడుగు మధ్యనుంచి సర్రున ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది, మళ్ళీ సర్రున వచ్చింది.

"చూసినావా! నూనె రాస్తే నూలుకు మరక అంటతాది, షావుకారు తిడతాడు. మైనం రాస్తే ఎండకు అతుక్కుంటాది. ఇది శానా బాగుండాది తల్లీ, మరకే పడదు. మీ సంఘం వాళ్ళు నేతోళ్ళ కష్టం తెలిసినోళ్ళు. నాడెకు ఇట్లాంటిది గవర్మెంటోడు ఇన్నాళ్ళు ఇయ్యలా."

పక్కింటి రెండు మగ్గాల మీదా అదే. ఎదురింట్లోనూ అదే. ఆ ఇంటి ముసలాయనైతే పొట్లాలు ఇంకొంచెం పెద్దవి చేయించమని మేడం దగ్గర అర్జీ పెట్టుకున్నాడు. మేడం నోటుపుస్తకం మూసేసింది. పచ్చయమ్మ ముఖం చూడాలి! కోపమూ సిగ్గూ కలిసి కుంకుమ రాసుకున్నదానిలా అయింది.

"మీ మగ్గాలు తగలబడ! ఆరు నెలలు నా గొంతు ఎండిపోయేటట్ల చెప్పితినే, దానికేనా మీరు తలకాయలు ఊపింది?"

"కోపం ఎందుకు పాపా? ఈ వయసులో మాకు ఇంకెందుకు పనికొస్తాది?" అన్నాడు చిన్నరాజు, నిజంగానే అర్థం కాక.

మేడంను బస్సెక్కించి వస్తూ ఆమె తిడుతూనే ఉంది. వాళ్ళింటి గడప దగ్గరకు వచ్చేసరికి తిట్టు సగంలో ఆగిపోయింది. లోపల బలరామయ్య నేస్తున్నాడు. నాడె సర్రున పోతోంది, సర్రున వస్తోంది. ఆరు నెలలుగా మామ లుంగీ ముందుకన్నా తొందరగా దిగుతోందని నాతో గొప్పగా చెప్పుకున్నది ఆమే. ఆమె వంగి మగ్గం గుంటలోకి చూసింది. నేనూ చూశాను. బలరామయ్య కాళ్ళ చుట్టూ చిరిగిన పొట్లాలు, ఎండిపోయిన రబ్బర్లు, చెత్త గంప నిండేటన్ని.

"మామా, ఇవి కాశి అంగడి పెట్టెలోనివా?"

"నేనెందుకు ఆడికి పోతాను? మన ధనపాలే ఇచ్చిపోతా ఉండాడు గదమ్మా, సోమవారం సోమవారం. నాయనా, నాడెకు బాగుంటాదంట, పెట్టుకో అని. పది ఇస్తాడు, నాకు వారానికి సరిపోతాది."

పచ్చయమ్మ అక్కడే, గడప మీదే కూలబడింది. నాకూ నవ్వు ఎటుపోయిందో తెలియలేదు. సంచి ఖాళీగా వచ్చిందంటే, గడప దాటకముందే ఖాళీ అయిందన్నమాట. ఆరు నెలలు ఆమె ఏ అడ్డూ లేని మనిషితో కాపురం చేసింది. ఆ జబ్బు ఉంటే ఆమెకూ వచ్చి ఉంటుంది. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంటే... 

శనివారం ధనపాల్ దిగాడు. చొక్కా విప్పకముందే రెండు చిరిగిన పొట్లాలు వాడి ముందు పడ్డాయి.

"ఇవి యాడివో చెప్పు."

వాడు పొట్లాలను చూశాడు, మగ్గాన్ని చూశాడు, పైకప్పును చూశాడు. "నాయనకు పనికొస్తాయని ఇస్తిని. దానికేమిప్పుడు?"

"మరి నీకు?"

"ఊరంతటికీ అవి పంచతా ఉండావు, మొగుణ్ణే అనుమానిస్తా ఉండావు. ఆడ నా సావాసగాళ్ళ ముందర సంచి తెరిస్తే అవి కింద పడితే నా మర్యాద ఏం కావల్ల?"

"నీ మర్యాద కోసరం నేను చావాల్నా? సోమవారం ఇద్దరం వేలూరు ఆసుపత్రికి పోతా ఉండాము. నెత్తురు చూపించుకుంటా ఉండాము."

"నేను రాను. ఏం చేస్తావో చేసుకో."

అత్త పంకజం వంటింట్లోంచి అందుకుంది. "మంచి ఇంట్లో పుట్టిన ఆడది మాట్లాడే మాటలేనా ఇవి? ఆ సంఘమోళ్ళు వచ్చినప్పట్నుంచి ఈ ఇంటికి శని పట్టింది."

బలరామయ్య? గుంటలో కాళ్ళు పెట్టుకుని, తెగిన పడుగు పోగు ఒకటి ముడివేస్తూ కూర్చున్నాడు. ముడి పడి అయిపోయినా వేలు తీయలేదు. 

ధనపాల్ తిన్నె మీద పడుకున్నాడు, సోమవారం పొద్దున బస్సెక్కాడు. ఆ పొద్దునే పచ్చయమ్మ రాట్నాన్ని ఎత్తి గోడకు ఆనించి, చాప చుట్టి పక్కన పెట్టింది. వంట చేసింది, నీళ్ళు తెచ్చింది, అత్తకు తలంటి పోసింది. కండె మాత్రం చుట్టలేదు.

ఆ వారం ఎటువంటిదో మీకు తెలియాలి. గంగమ్మ శిరసు తిరునాళ్ళకు ఇంకా పది రోజులే ఉంది. ఆ తిరునాళ్ళకు ఊళ్ళో లుంగీలు గుట్టలుగా అమ్ముడుపోతాయి, షావుకార్లు నేతగాళ్ళ గడపలు అరగదీసేది అప్పుడే. గంపలో మిగిలిన కండెలతో బలరామయ్య సోమవారం మధ్యాహ్నం దాకా లాగాడు. చివరి కండె అయిపోయింది. నాడె బోర్లా పడుకుంది.

మంగళవారం పంకజం తనే రాట్నం దించింది. ఆమెకు కళ్ళలో పొర. చుట్టిన కండె నడుము దగ్గర గుమ్మడికాయ, కొసల దగ్గర దారప్పోగు. నాడెలో పెడితే నాలుగు సార్లు పోయి నూలంతా ఒక్కసారే ఊడి పడింది. బలరామయ్య చిక్కు తీయడానికి పొద్దంతా పట్టింది. సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది.

"ఏమ్మే, పది కండెలు చుట్టిస్తావా? ఆ మహాతల్లి అలిగి కూచుంది."

నేను అప్పటికే చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాను. "కత్తిపీటకు వేలు తెగింది పెద్దమ్మా, దారం పట్టుకుంటే నెత్తురొస్తా ఉండాది."

ఆమె ఎదురింటికి పోయింది. ఎదురింటామెకు నడుము పట్టేసింది. ఆ పక్కామెకు కన్ను అదురుతోందట, కన్ను అదిరేటప్పుడు పరాయి ఇంటి నూలు ముట్టుకోకూడదట. మా వీధి ఆడవాళ్ళకు ఒక్క పూటలో ఇన్ని రోగాలు ఎప్పుడూ రాలేదు. నేనేమీ చెప్పలేదు సుమా. నీళ్ళ కొళాయి దగ్గర జరిగింది జరిగినట్టు చెప్పాను, అంతే. ఆ వీధిలో మొగుడు బయట పని చేయని ఆడది ఎవరని?

బుధవారం షావుకారు మనిషి వచ్చి ఆగిన మగ్గాన్ని చూసి నాలుగు మాటలని పోయాడు. వాడు సందు మలుపు తిరగ్గానే బలరామయ్య నన్ను పిలిచాడు. ఆయనా, పచ్చయమ్మా ఒకే గదిలో ఉన్నారు, మధ్యలో నాలుగడుగులు. కానీ మొగుడి జబ్బు సంగతి మామతో ముఖాముఖి మాట్లాడటం మాలో లేదు. అందుకని నేను మధ్యన మగ్గం గుంట అంచున కూర్చున్నాను.

"ఆ పాపకు ఏం కావాల్నో అడుగు."

"అక్కా, ఆయన కొడుకును ఆసుపత్రికి తీసుకరమ్మని చెప్పు. నెత్తురు చూపించిన దినమే నేను రాట్నం దించుతాను."

"ఈ మాట నాకు ముందే చెప్పి ఉంటే..." అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు పెద్దాయనా అట్లంటావు? శనివారం నీ ఎదురుగానే గదా చెప్పింది. నువ్వు పోగు ముడేసుకుంటా విన్యావు గదా!"

ఆయన ముఖం వంచుకున్నాడు. గుంటలోకి చూస్తూనే, "ఆ పొట్లాలు ఆ పాప వానికి ఇచ్చినవా?" అని అడిగాడు.

"మరి? నీ నాడె కోసరం అనుకుంటివా? తన ప్రాణం కోసరం పెట్టింది."

బలరామయ్య లేచి గోడ కొక్కేనికి తగిలించిన చొక్కా తీసి జాడించాడు. తిరునాళ్ళకు తప్ప ఆయన చొక్కా వేసుకోవడం నేను చూడలేదు. "పొద్దున మొదటి బస్సుకు పోదాము. అందరూ రెడీగా ఉండండి" అని గోడకు చెప్పినట్టు చెప్పాడు.

గురువారం కాట్పాడి మీదుగా వేలూరు వెళ్ళాం, ముగ్గురం. ధనపాల్ పని చేసే లాడ్జి నాలుగో అంతస్తుకు వెదురుబొంగుల సారవ కట్టి ఉంది. వాడు పైన ఇటుక పేరుస్తున్నాడు. తండ్రి కింద నిలబడి పిలిచాడు. వాడు వంగి చూసి, పచ్చయమ్మను గుర్తుపట్టి, "పని ఉండాది నాయనా, శనివారం వస్తాను గదా!" అని అరిచాడు.

బలరామయ్య రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. మగ్గం చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు అది, వీధి చివరిదాకా వినపడుతుంది. "దిగొస్తావా? లేకుంటే ఎందుకొచ్చినామో ఈణ్నుంచే అరిచి చెప్పేదా?"

అంత తొందరగా సారవ దిగిన మేస్త్రీని నేను మళ్ళీ చూడలేదు.

పద్నాలుగో నంబరు గది ముందు వరసలో వాడు తువ్వాలు ముఖానికి కప్పుకుని కూర్చున్నాడు. అదే బెంచీ చివర ఇంకో ఇద్దరు తువ్వాళ్ళు కప్పుకుని ఉన్నారు. కాసేపటికి ఒక తువ్వాలు కొంచెం జరిగింది. "ఏం మేస్త్రీ, నువ్వూ వచ్చినావా?" చూస్తే ఇద్దరూ వాడి కింద పని చేసేవాళ్ళే. ఒంట్లో బాగాలేదని పొద్దున సెలవడిగి వచ్చారట. ఇంత కాలం ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న సంగతి ముగ్గురూ ఒకే బెంచీ మీద కలుసుకుని చెప్పుకున్నారు. ఆ లాడ్జి డాక్టరు సూదే ముగ్గురికీ. నాకు తల బాదుకోవాలనిపించింది.

నెత్తురు తీశారు. పచ్చయమ్మ ఇంటికి రాగానే రాట్నం దించింది. మాటంటే మాటే. కానీ వారం తిరిగి ఫలితానికి పోయేదాకా ఆమె చుట్టిన కండెలు చూస్తే నాకు భయమేసేది. దారం అంత బిగువుగా చుట్టేది.

ఫలితం చెప్పిన డాక్టరమ్మ మంచిదే గానీ నోరు కారం. పుండు తాలూకు జబ్బు ఇద్దరికీ ఉందంది. వారానికొకటి చొప్పున మూడు వారాలు ఇద్దరికీ సూదులు పడాలనీ, అప్పుడు నయమైపోతుందనీ అంది. పోయిన కడుపుల మాట చెబితే, ఆ పాత సంగతి ఇప్పుడు తేల్చి చెప్పలేననీ, ఇక ముందు కడుపు నిలవాలంటే ఈ జబ్బు ముందు పోవాలనీ అంది. ఆ పెద్ద జబ్బు, ఎయిడ్సు, మాత్రం ఇద్దరికీ కనపడలేదు. అయితే కొత్తగా అంటుకుంటే మొదట్లో నెత్తురులో కనపడదు కాబట్టి మూడు నెలలకు మళ్ళీ చూడాలి, అప్పటిదాకా నిరోధ్ లేకుండా కాపురం వద్దు అని ధనపాల్ ముఖంలోకి వేలు చూపించి చెప్పింది.

బయటికొచ్చాక ధనపాల్ అలవాటు ప్రకారం గొణిగాడు. "సిమెంటు పుండుకు ఇంత గలాటా."

పచ్చయమ్మ మెట్ల మీదే ఆగింది. అరవలేదు. "మరి నాకు యాడ్నుంచి వచ్చిందయ్యా? నేను ఒక్క దినమన్నా సిమెంటు పనికి పోలేదే."

వాడు తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. బస్సులో గుడియాత్తం వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. వాడి నోట ఆ తర్వాత సిమెంటు పుండు అనే మాట మేము వినలేదు.

వీధిలో పద్ధతి మారింది. పచ్చయమ్మ మైనమూ, కొబ్బరినూనె చుక్కా కలిపి కాచి, గుడ్డలో వేసి ఇంటింటికీ ఇచ్చింది. అది గట్టిపడితే నాడెకు రుద్దుకోవచ్చు, మరక పడదు. పెట్టెను కాశి అంగడి గోడ నుంచి పీకించి, పనివాళ్ళు వేలూరు బస్సు కోసం నిలబడే చోట తగిలించింది. చిన్నరాజు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. సంఘం లెక్కలో మా వీధి మొదటి స్థానం నుంచి అట్టడుక్కు పడింది. మోహన మేడం వచ్చి కారణం ఏం రాయాలని అడిగితే, "నాడెలకు జబ్బు నయమైపోయిందని రాయండి" అంది పచ్చయమ్మ.

సూదులు పడ్డాయి. సోమవారం మళ్ళీ సంచిలో పది పొట్లాలు పెట్టడం మొదలైంది. ఈసారి బలరామయ్యే గడపలో నిలబడి, కొడుకు చెయ్యి సంచిలోకి పోకుండా బస్సు దాకా వెంట వెళ్ళేవాడు. మొదటి శనివారం ధనపాల్ వచ్చి సంచిని ఆమె ముందు బోర్లించాడు. పదికి పదీ ఉన్నాయి.

"చూసుకో. యాడికీ పోలేదు. ఇప్పుడన్నా నమ్ముతావా?"

పచ్చయమ్మ ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. "ఖాళీ సంచిని నమ్మి ఇట్లయితిని. నిండు సంచిని ఇంకేం చూసి నమ్మేది? నువ్వు పోలేదో, పోయి వాడలేదో, అది సంచికి తెలీదు. నెత్తురుకే తెలస్తాది."

"అయితే మూడు నెలలు నేను ఏం చెప్పినా నమ్మవా?"

"నమ్మను."

వాడు నా వైపు చూశాడు, నేనేమైనా సర్దిచెబుతానని. నేను పప్పు ఏరుకుంటున్నాను.

ఆ మూడు నెలలూ వాడు తిన్నె మీదే పడుకున్నాడు. మొదటి నెల సణిగాడు. రెండో నెల శనివారాలు తండ్రితో పాటు మగ్గం మీద కూర్చున్నాడు, మరిచిపోయిన చెయ్యి అయినా కాసేపటికి కుదిరింది. మూడో నెలలో ఇంకో ఇద్దరు సావాసగాళ్ళను ఆ పద్నాలుగో నంబరు గదికి తనే తీసుకెళ్ళాడని తర్వాత తెలిసింది. ఎందుకు తీసుకెళ్ళావంటే, "వరసలో ఒక్కడే కూచోవాలంటే సిగ్గుగా ఉండాది" అన్నాడట. ఏ కారణమైతేనేం.

ఆగస్టులో రెండోసారి నెత్తురిచ్చి, మళ్ళీ వారానికి ఫలితం చెప్పే రోజు వచ్చింది. నేను ముగ్గు వేస్తుంటే ధనపాల్ అప్పటికే తలదువ్వుకుని, చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమ్మే, బిన్నా రా! బస్సు పోతాది."

లోపల్నుంచి రాట్నం చప్పుడు. "కండె సగంలో ఉండాది. ఆగు."

"వచ్చి చుట్టుకోరాదా? నాకు ఈడ కాళ్ళు వణకతా ఉండాయి."

"మంచిది. మూడు నెలలు నాకు వణికినాయి. ఒక కండె అంతసేపు నీకు వణకనీ."

ఆమె ఆ కండె నిండుగా చుట్టి, మామ గంపలో వేసి, చేతులు కడుక్కుని, తీరిగ్గా బయటికి వచ్చింది.

సాయంత్రం నాలుగు బస్సుకు తిరిగొచ్చారు. ధనపాల్ ముందు నడుస్తున్నాడు, చేతిలో జామకాయల పొట్లం. సందు మొదట్లోనే నాకు కనపడింది, పచ్చయమ్మ వెనకనుంచి చెయ్యెత్తి అడ్డంగా ఊపింది. లేదట, ఇద్దరికీ లేదట. నేను చేతిలో ఉన్న చేట అక్కడే పెట్టి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ శనివారం వాడి పక్క తిన్నె మీద కనపడలేదు. సోమవారం పొద్దున మాత్రం గోడకు అవతలి నుంచి ఆమె గొంతు మామూలుగానే వినపడింది. "పొట్లాలు సంచిలో ఉండాయి. మళ్ళీ ఆర్నెల్లకు నెత్తురుకు పోవాల. ఇప్పుడే చెప్తా ఉండాను, అప్పుడు పని ఉండాది అన్నావంటే కండెలు ఆపేస్తాను."

"అమ్మా తల్లీ, ఆపొద్దు, వస్తాను" అన్నది ధనపాల్ కాదు. గుంటలోంచి బలరామయ్య.